పిల్లల వెన్నుపాములో కణితి: ఇంట్లోవారు తెలుసుకోవలసిన విషయాలు

ముదిగుబ్బ మండలంలో ఒక పల్లె అనుకోండి. వానలు లేక వేరుశనగ చేతికి రాలేదు. అమ్మా నాన్నా బెంగళూరుకు కూలి పనికి పోయారు. ఏడేళ్ల బాబు అవ్వ దగ్గర ఉన్నాడు. రెండు నెలలుగా వాడు నడిరేయి లేచి కూర్చుని వీపు నొప్పి అని ఏడుస్తున్నాడు. తెల్లవారితే మామూలుగా ఆడుకుంటాడు. బడికి పోకుండా ఉండటానికి వేషాలు వేస్తున్నాడని ఇంట్లో అనుకున్నారు. తరువాత వాడు నడుస్తూ నడుస్తూ తూలిపడటం మొదలైంది. ఒకరోజు బడిలో పడ్డాడు. "పడినందుకే నొప్పి" అని అందరూ తీర్మానించారు. నొప్పి ముందు వచ్చింది, పడటం తరువాత వచ్చింది అన్న సంగతి అవ్వ ఒక్కతే గుర్తుపెట్టుకుంది. ఆమె మాట ఎవరూ వినలేదు. మూడేళ్ల కిందటే మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైతే, బాబుకు దెబ్బలు కూడా పడ్డాయి.

ఇది ఏ ఒక్క బిడ్డ కథా కాదు. వెన్నుపాములో కణితి ఉన్న పిల్లల ఇళ్లలో వినిపించే మాటలను ఒకచోట చేర్చి చెప్పాము. ఈ జబ్బు చాలా అరుదు. మెదడులో వచ్చే కణితులతో పోల్చినా ఇవి ఎంతో తక్కువ. అరుదు కాబట్టే ఎవరికీ వెంటనే తట్టదు. ఆ ఆలస్యంలోనే బిడ్డ కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఈ నాలుగు పేజీలు ఓపికగా చదవండి. చదవడం రాని పెద్దవారికి చదివి వినిపించండి. పిల్లలను రోజంతా చూసుకునేది చాలా ఇళ్లలో వారే కదా!

వెన్నుపాము అంటే ఏమిటి?

వీపు మధ్యలో చేతికి తగిలే గట్టి ఎముకల వరుస వెన్నెముక. దాని లోపల గొట్టం లాంటి దారి ఉంది. ఆ దారిలో మెదడు నుంచి కిందికి దిగివచ్చే మెత్తని తాడు వెన్నుపాము. పెద్దవారిలో కూడా అది చిటికెన వేలంత లావు ఉంటుంది, పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. దాని నుంచి రెండు వైపులా 31 జతల నరాలు బయలుదేరి చేతులకు, ఛాతీకి, పొట్టకు, కాళ్లకు, మూత్రాశయానికి వెళతాయి. కాలు కదపాలన్న మెదడు ఆజ్ఞ ఈ తాడు గుండానే దిగుతుంది. కాలికి ముల్లు గుచ్చుకున్నదన్న కబురు కూడా ఈ తాడు గుండానే పైకి పోతుంది.

పొట్టలో గడ్డ పెరిగితే పొట్ట సాగుతుంది. వెన్నుపాము చుట్టూ ఉన్నది ఎముక. అది సాగదు. అందువల్ల శనగ గింజంత గడ్డ కూడా అక్కడ ఒత్తిడి తెస్తుంది. గడ్డ ఏ ఎత్తులో ఉందో, దాని కింది భాగమంతా దెబ్బతింటుంది. మెడలో ఉంటే చేతులు, కాళ్లు రెండూ బలహీనపడతాయి. ఛాతీ వెనుక ఉంటే చేతులు బాగుండి కాళ్లు పట్టు తప్పుతాయి.

కణితులన్నీ ఒకటి కావు. కొన్ని వెన్నుపాము లోపలే పుడతాయి. పిల్లల్లో ఈ రకంలో ఎక్కువగా కనిపించేది ఆస్ట్రోసైటోమా, ఆ తరువాత ఎపెండైమోమా. వీటిలో చాలావరకు మెల్లగా పెరిగేవే. కొన్ని వెన్నుపాము బయట, దాని పొర లోపల నరాల మీద పెరుగుతాయి. మరికొన్ని వెన్నెముకలోనో, ఛాతీలోనో, కడుపులోనో పుట్టి ఎముకల సందుల్లోంచి లోపలికి దూరి వెన్నుపామును నొక్కుతాయి. చంటిపిల్లల్లో వచ్చే న్యూరోబ్లాస్టోమా ఇలాంటిదే. కాబట్టి "కణితి" అనగానే "క్యాన్సర్" అని గుండె జారవిడుచుకోవద్దు. అది ఏ రకమో తేలేవరకు ఎవరూ ఏమీ చెప్పలేరు. ఊళ్లో మరొకరికి ఏమైందో దానితో పోల్చుకోవద్దు.

ఎలా గుర్తుపట్టాలి?

అన్నిటికంటే ముందు వచ్చేది చాలామందిలో నొప్పే. కాళ్ల బలహీనత కంటే వారాలు, నెలలు ముందే అది మొదలుకావచ్చు. ఆటలో తగిలిన దెబ్బ నొప్పి పడుకుంటే తగ్గుతుంది. కణితి నొప్పి పడుకుంటే ఎక్కువవుతుంది. పడుకున్నప్పుడు వెన్నెముక లోపలి రక్తనాళాలు నిండి ఒత్తిడి పెరగడమే దానికి కారణం. బిడ్డ నిద్రలోంచి లేచి కూర్చుంటాడు, కూర్చుంటే కొంత నయంగా ఉంటుందంటాడు. దగ్గినా, తుమ్మినా, ముక్కినా నొప్పి పోటెత్తుతుంది. చిన్నపిల్లలు నొప్పి ఎక్కడో సరిగా చెప్పలేరు. "కాళ్లు లాగుతున్నాయి" అంటారు, "కడుపు నొప్పి" అంటారు. ఛాతీ దగ్గరి నరం నొక్కుకుంటే నొప్పి పట్టీలాగా చుట్టూ తిరిగి పొట్ట మీదకు వస్తుంది. అందుకే కొందరు పిల్లలకు నులిపురుగుల మందులు, గ్యాసు మందులు నెలల తరబడి ఇస్తూ ఉంటారు. మాటలు రాని పాప అయితే ఎత్తుకుంటే ఏడుస్తుంది, పాకడం మానేస్తుంది.

ఆ తరువాత నడక మారుతుంది. చెప్పు ఒక కాలి నుంచే తరచు జారిపోతుంది. ఒక చెప్పు ముందువైపు ఎక్కువగా అరుగుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంటాడు. నిన్నమొన్నటిదాకా పరుగెత్తిన బిడ్డ మునివేళ్ల మీద నడుస్తాడు. నడక నేర్చుకున్న పాప మళ్లీ ఎత్తుకోమంటుంది. కాలికి వేడి తగిలి బొబ్బ లేచినా నొప్పి తెలియకపోతే అది చిన్న సంగతి కాదు.

మూత్రం, మలం సంగతి చెప్పడానికి ఇళ్లలో మొహమాటపడతారు. డాక్టరు గారికి అన్నిటికంటే అవసరమైన కబురు అదే. పక్క తడపడం మానేసిన బిడ్డ మళ్లీ మొదలుపెట్టడం, చుక్కలు చుక్కలుగా పోయడం, చాలాసేపు మూత్రం రాక పొట్ట కింద ఉబ్బడం, కొత్తగా మలబద్ధకం రావడం... ఇవి పొగరు వల్లనో సోమరితనం వల్లనో వచ్చేవి కావు. దయచేసి బిడ్డను కొట్టవద్దు.

వీపు వంకర తిరగడం కూడా ఒక గుర్తే. స్నానం చేయించేటప్పుడు బిడ్డను ముందుకు వంచి వెనుక నుంచి చూడండి. ఒకవైపు వీపు ఎత్తుగా లేస్తే, అందులో నొప్పి కూడా ఉంటే, ఆలస్యం చేయవద్దు. మెడ ఒక పక్కకే వంచి పెట్టుకోవడం కూడా అంతే. నడుము కింది భాగంలో పుట్టుకతోనే వెంట్రుకల కుచ్చు, లోతైన గుంట, మెత్తని కొవ్వు బొడిపె ఉంటే చూపించండి. ఒంటి మీద పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు ఆరు లేక అంతకు మించి ఉంటే కూడా చెప్పండి. న్యూరోఫైబ్రోమటోసిస్ అనే జన్యు సంబంధమైన జబ్బులో అలాంటి మచ్చలు ఉంటాయి. ఆ పిల్లలకు నరాల కణితులు వచ్చే అవకాశం ఎక్కువ.

మన ప్రాంతంలో ఏమేమి అనుకుంటారు?

అనంతపురం నీటిలో ఫ్లోరైడు ఎక్కువని అందరికీ తెలుసు. అందుచేత కాళ్ల జబ్బు ఏదైనా "నీళ్ల వల్లే" అంటారు. ఫ్లోరైడు వల్ల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి, కొందరు పిల్లలకు మోకాళ్లు వంకరపోతాయి. అది సంవత్సరాల మీద, నెమ్మదిగా వచ్చేది. రెండు నెలల్లో నడక చెడిపోతే దాన్ని నీళ్ల మీదకు తోసేయడం తప్పు.

వెన్నెముక క్షయ ఇంకో సంగతి. అది మన దగ్గర ఇప్పటికీ ఉంది, కణితి కంటే ఎక్కువగానే ఉంది. దానిలోనూ వీపు నొప్పి, కాళ్ల బలహీనత వస్తాయి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, వీపు మీద గూని దానికి తోడవుతాయి. క్షయకు ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది, నెలల తరబడి క్రమం తప్పకుండా వాడితే నయమవుతుంది. కాబట్టి స్కానింగులో "గడ్డ" కనిపించినా అది కణితో, క్షయ చీమో తేల్చుకోవలసి ఉంటుంది. ఇందుకోసం డాక్టరు గారు ముక్క తీసి పరీక్షకు పంపితే భయపడవద్దు.

పోలియో అని కూడా కొందరు అంటారు. భారతదేశంలో పోలియో చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014లో దేశం పోలియో రహితమని ప్రకటించారు. అయినా 15 ఏళ్ల లోపు బిడ్డకు హఠాత్తుగా కాళ్లూ చేతులూ చచ్చుబడితే ప్రభుత్వానికి తెలియజేసి మలం పరీక్షకు పంపడం ఇప్పటికీ నియమమే. అది మీ మేలు కోసమే.

ఇక కట్లు, మాలిష్‌ల సంగతి. ఎముక విరిగితే పుత్తూరు పోయి కట్టు కట్టించుకునే అలవాటు రాయలసీమలో చాలా ఇళ్లలో ఉంది. ఇక్కడ విరిగింది ఎముక కాదు. నొక్కుకుపోతున్న వెన్నుపాము ఉన్న బిడ్డ వీపును తొక్కించడం, మెడ తిప్పించడం, బరువులు కట్టి లాగించడం వల్ల మిగిలి ఉన్న బలం కూడా పోవచ్చు. వీపు మీద వాతలు పెట్టించడం వల్ల పుండు తప్ప ప్రయోజనం లేదు, ఆపరేషన్ చేయవలసిన చోటే ఆ పుండు పడుతుంది.

"మేమేం తప్పు చేశాం?" అని తల్లులు అడుగుతారు. ఏ తప్పూ లేదు. గ్రహణం చూసినందుకు రాదు, దిష్టి వల్ల రాదు, తిండి వల్ల రాదు, ఒకరి నుంచి మరొకరికి అంటదు. మేనరికం వల్లనా అని మన వైపు తప్పకుండా అడుగుతారు. మేనరికానికి వేరే చిక్కులు ఉన్నాయి, కానీ వెన్నుపాము కణితుల్లో ఎక్కువ భాగానికి దానితో సంబంధం లేదు. పైన చెప్పిన న్యూరోఫైబ్రోమటోసిస్ కూడా తల్లి, తండ్రుల్లో ఒక్కరి నుంచే రావచ్చు, లేదా బిడ్డలోనే కొత్తగా పుట్టవచ్చు. కాబట్టి కోడలి పుట్టింటి మీద నిందలు వేయడం మానాలి. ఈ జబ్బు వచ్చిన ఇంట్లో బిడ్డ తరువాత ఎక్కువగా నలిగేది తల్లే.

ఏ పరీక్ష చేయాలి?

మామూలు ఎక్స్‌రే ఎముకను చూపుతుంది, వెన్నుపామును చూపదు. ఎక్స్‌రే బాగుందంటే కణితి లేదని అర్థం కాదు. తేల్చేది ఎమ్.ఆర్.ఐ. స్కాన్. వెన్ను మొత్తానికి, అవసరమైతే మెదడుకు కూడా, రక్తనాళంలోకి మందు ఎక్కించి తీస్తారు. మెదడులో పుట్టిన కొన్ని కణితులు వెన్నులోకి రాలుతాయి, అందుకని మెదడు కూడా చూడవలసి వస్తుంది. ఎమ్.ఆర్.ఐ.లో ఎక్స్‌కిరణాలు ఉండవు. యంత్రం పెద్ద చప్పుడు చేస్తుంది, సుమారు గంట పట్టవచ్చు. చిన్నపిల్లలు అంతసేపు కదలకుండా ఉండలేరు కనుక మత్తు ఇస్తారు. అందుకే ఎప్పటి నుంచి ఏమీ తినిపించకూడదో చెబుతారు. "పాపం ఆకలి" అని చాటుగా బిస్కెట్ పెట్టవద్దు. మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అది పెద్ద అయస్కాంతం. వెండి మొలతాడు, రాగి తాయెత్తు, కాళ్ల పట్టీలు, కమ్మలు, పిన్నీసులు అన్నీ తీయాలి. మొలతాడు తీయడానికి పెద్దవారు ఒప్పుకోరని మాకు తెలుసు. స్కాన్ అయ్యాక మళ్లీ కట్టుకోవచ్చని వారికి ఇంట్లోనే నచ్చజెప్పి రండి. స్కానింగు గది గుమ్మంలో ఆ వాదన పెట్టుకుంటే మీ వంతు దాటిపోతుంది.

చికిత్స ఎలా ఉంటుంది?

మొదట వాపు తగ్గించడానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు ఇవ్వవచ్చు. దానితో బిడ్డ ఒకటి రెండు రోజుల్లోనే తేరుకున్నట్టు కనిపిస్తాడు. జబ్బు తగ్గిందని ఇంటికి తీసుకుపోయే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. తగ్గింది వాపు మాత్రమే, గడ్డ అక్కడే ఉంది. ఆ మందును చెప్పకుండా హఠాత్తుగా ఆపడం కూడా ప్రమాదం.

చాలా కణితులకు ఆపరేషనే ముఖ్యం. 1887లో లండన్‌లో విక్టర్ హార్స్లే అనే సర్జన్ వెన్నుపామును నొక్కుతున్న కణితిని మొదటిసారిగా విజయవంతంగా తీశాడు. మన దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని 1949లో వేలూరు సి.ఎమ్.సి.లో డాక్టర్ జాకబ్ చాండీ ప్రారంభించారు. వెన్నుపాము లోపలే ఉన్న కణితిని పిల్లల్లో తీయడం అయితే 1980ల తరువాతే, న్యూయార్క్‌లో ఫ్రెడ్ ఎప్‌స్టీన్ వంటి వారి కృషితో బాగా సాధ్యమైంది. ఇప్పుడు సూక్ష్మదర్శిని కింద, గడ్డను కొద్దికొద్దిగా పొడిచేసి పీల్చే పరికరంతో తీస్తారు. ఆ సమయంలో నరాలు పనిచేస్తున్నాయో లేదో యంత్రంతో గమనిస్తూ ఉంటారు. గడ్డ మొత్తం రాకపోవచ్చు. వెన్నుపాముకు అతుక్కున్న కొంత భాగాన్ని కావాలనే వదిలేస్తారు. దానిని డాక్టరు గారి చేతకానితనం అనుకోవద్దు.

ఒక విషయం నేరుగా చెప్పాలి. ఆపరేషన్ ముందు బిడ్డ ఏ స్థితిలో ఉన్నాడన్నదే తరువాత ఎలా ఉంటాడో చాలావరకు నిర్ణయిస్తుంది. నడుస్తూ ఆసుపత్రికి వచ్చిన బిడ్డ నడుస్తూ పోయే అవకాశం ఎక్కువ. కాళ్లు పూర్తిగా పడిపోయి చాలా రోజులైన తరువాత వస్తే, గడ్డను ఎంత బాగా తీసినా పోయిన బలం అంతా తిరిగి రావడం కష్టం. "పండగ అయ్యాక", "శనక్కాయ పీకాక", "డబ్బు కూడాక" అంటూ వాయిదా వేయడంలో పోయేది ఇదే. ఇంకొక మాట. లోపలి కణితి తీసిన వెంటనే కొందరు పిల్లల కాళ్లు మునుపటికంటే బలహీనపడతాయి. వీరిలో చాలామందికి వారాలు, నెలల్లో మెరుగుపడుతుంది. ఇది ముందే అడిగి తెలుసుకోకపోతే ఆపరేషన్ మరునాడు ఇంటిల్లిపాదీ కుప్పకూలిపోతారు.

తీసిన ముక్క పరీక్ష రిపోర్టు వచ్చాక మిగతా చికిత్స తేలుతుంది. మెల్లగా పెరిగే రకమైతే స్కాన్లతో గమనిస్తూ ఉండటమే సరిపోవచ్చు. న్యూరోబ్లాస్టోమా, లింఫోమా వంటి వాటికి ఇంజెక్షన్ల మందులతోనే (కీమోథెరపీ) ఒత్తిడి తగ్గవచ్చు, ఆపరేషన్ అవసరమే రాకపోవచ్చు. కరెంటు పెట్టడం అని మనవాళ్లు అనే రేడియేషన్‌ను చిన్నపిల్లలకు వీలైనంతవరకు వాయిదా వేస్తారు. అది పెరిగే వెన్నెముక ఎదుగుదలను ఆపుతుంది. అయినా చెడ్డ రకం కణితికి అది తప్పదు.

ఎక్కడికి పోవాలి, ఖర్చు ఎలా?

ముందు దగ్గరలోని పిల్లల డాక్టరుకు చూపి, అనుమానం ఉంటే న్యూరోసర్జన్ ఉన్న చోటికి పంపమని అడగండి. మన రాష్ట్రంలో కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, తిరుపతి స్విమ్స్ ఉన్నాయి. పొరుగున బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది. అక్కడే వైట్‌ఫీల్డ్‌లో 2001లో మొదలైన శ్రీ సత్యసాయి ఆసుపత్రిలో మెదడు, నరాల ఆపరేషన్లు ఉచితంగా చేస్తారు. ముదిగుబ్బ మీదుగా పోయే ధర్మవరం-పాకాల రైలు దారి కాట్పాడి వైపు కలుస్తుంది, అక్కడి నుంచి వేలూరు పక్కనే. సి.ఎమ్.సి.కి ఒకటికి మించి క్యాంపస్‌లు ఉన్నాయి కనుక ఏ చోటికి రావాలో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్‌లో తొలిసారి మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడు దాని పేరు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ. ఏ ఆసుపత్రిలో ఏ ఆపరేషన్‌కు వర్తిస్తుందో, ఇతర రాష్ట్రంలో వర్తిస్తుందో లేదో, పోకముందే ఆరోగ్యమిత్రను అడగండి లేదా 104కు ఫోన్ చేయండి. నగలు, గొర్రెలు అమ్ముకోవడం ఆ తరువాత సంగతి.

కాళ్లు ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతుంటే, మూత్రం ఆగిపోతే, ఇవేవీ చూసుకుంటూ కూర్చోవద్దు. అదే రోజు, అదే పూట 108కి ఫోన్ చేయండి.

ఇంటికి వచ్చాక

గాయం నుంచి నీళ్లలాంటి ద్రవం కారినా, జ్వరం వచ్చినా, మెడ బిగుసుకున్నా వెంటనే తిరిగి తీసుకురండి. కాళ్లలో స్పర్శ లేని బిడ్డను రెండు గంటలకొకసారి పక్క మార్చి పడుకోబెట్టాలి. మడమలు, పిరుదులు రోజూ చూడండి. ఎర్రబడిన చోట ఒత్తిడి పడకుండా చూస్తే పుండు పడదు. వేడినీళ్ల సీసాతో కాపడం పెట్టవద్దు, బిడ్డకు కాలినా తెలియదు. మూత్రం పూర్తిగా రాకపోతే శుభ్రమైన సన్నని గొట్టంతో రోజుకు కొన్నిసార్లు తీయడం నర్సు నేర్పుతారు. మొదటి వారం చేయి వణుకుతుంది. తరువాత తలదువ్వినంత మామూలైపోతుంది. అది మానితే మూత్రపిండాలు చెడతాయి.

ఫిజియోథెరపీ ఇంట్లో కూడా రోజూ చేయించాలి. బిడ్డను బడి మాన్పించవద్దు. మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లలకు సహాయం దొరుకుతుంది. లోపం మిగిలిపోతే సదరం సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయండి.

గడ్డ తీసిన తరువాత ఎదిగే వయసులో వెన్నెముక వంగవచ్చు, అందువల్ల సంవత్సరాల తరబడి చూపించుకుంటూ ఉండాలి. బిడ్డ గంతులేస్తున్నా స్కాన్ తేదీ తప్పించవద్దు. పాత ఫిల్ములు, ముక్క పరీక్ష రిపోర్టు, డిశ్చార్జి కాగితం ఒకే కవరులో పెట్టి, ఎండ తగలకుండా ఇంట్లో ఒక చోట ఉంచండి. కవరు మీద వచ్చే స్కాన్ నెల రాయండి. మీరు బెంగళూరు పనికి పోవలసి వస్తే ఆ కవరు ఎక్కడుందో, ఆ నెల ఏదో అవ్వకు చెప్పి పోండి.